కదలని కొండ, కదలిన పొలిమేర: తిరుత్తణి సీమ భూగోళము, పరిపాలనము

కొలది మాసముల క్రిందట చెన్నపట్టణమున నా కచేరికి ఒక కక్షిదారు వచ్చెను. వయస్సు ఏబది దాటినది. ఊరు తిరుత్తణికి పడమరగా, పళ్లిపట్టు పోవు త్రోవలోనిది. చంకలోని గుడ్డమూట విప్పి, పాత ముద్రకాగితముల కట్టనొకదానిని నా యెదుట నుంచెను. అది ఆయన తాతగారి నాటి భాగపరిష్కారపు దస్తావేజు. అన్నదమ్ములు ముగ్గురు మెట్టను, మాగాణిని, బావిని, చింతచెట్లను ఏ రీతిగ పంచుకొనిరో అందు గొలుసుకట్టు తెలుగులో పొందికగ వ్రాయబడియున్నది. ఆయన చేతులు జోడించి, "సామీ, ఇది మా యింట్లో మేము మాట్లాడే మాటే. చదవను మాత్రం మాకు రాదు. మా నాయన ఉండినన్నాళ్లు ఆయన చదివి చెప్తా ఉండినాడు" అనెను.

ఆ కట్టలోనే మరి రెండు కాగితములు గలవు. ఒకటి ఆయన తండ్రి పేర వచ్చిన పట్టా. మరియొకటి తరువాత ఆయన పేరనే మారిన పట్టా. రెండును తమిళమున నున్నవి. దస్తావేజుపై జిల్లా పేరు చిత్తూరు. తండ్రి పట్టాపై చెంగల్పట్టు. కుమారుని పట్టాపై తిరువళ్లూరు. తాతగారికి ముందు తరపు కాగిత మేదైన దొరకినయెడల దానిపై ఉత్తర ఆర్కాడు అని యుండును. భూమి యొకటే, బావి యొకటే, సాగుచేయు వంశ మొకటే. 1911 మొదలు 1997 వరకు గల కాలములో ఆ భూమికి జిల్లా మూడుమారులు మారినది. రాష్ట్రము మాటయు నట్టిదే. మద్రాసు రాజధానియని వ్యవహరింపబడిన నేల 1953లో ఆంధ్రరాష్ట్రమును, 1956లో ఆంధ్రప్రదేశమును, 1960లో మద్రాసు రాష్ట్రమును, 1969లో తమిళనాడును అయినది.

చెన్నపట్టణమందలి తెలుగు న్యాయవాదులు, వైద్యులు, ఇంజనీర్లు, ఆచార్యులు తిరుపతికి పోవునపుడెల్ల ఈ సీమను రైలుపెట్టె కిటికీనుండి చూచుచునే యున్నారు. దాని కొండలు ఎరుగుదురు, దాని పరిపాలనము ఎరుగరు. రాజధానికి మూడు గంటల ప్రయాణములో నున్న ఈ తాలూకా, కచేరీల లెక్కలో ఒక మారుమూల పొలిమేర. పొలిమేర గీత ఎవరు గీచిరి, ఏ న్యాయమున గీచిరి, గీచిన పిమ్మట ఇరువైపుల మిగిలినవారి గతి యేమి యను ప్రశ్నలకు మన మింటనే యుండి సమాధానము చెప్పుకొనవలసియున్నది. ఆ దస్తావేజు నా బల్లపైనుండగా ఈ విషయమును విచారించితిని.

సీమ స్వరూపము

చెన్నపట్టణమునుండి పడమరకు పోవు రైలుమార్గమున తిరువళ్లూరు దాటువరకు నేల సమతలము. చెరువులు, వరిమళ్లు, తాటితోపులు కనబడుచుండును. అరక్కోణము కడ మార్గము చీలి, ఒక శాఖ కాట్పాడి వైపునకును, ఒక శాఖ ఉత్తరముగ రేణిగుంట వైపునకును పోవుచున్నది. ఉత్తరశాఖపై తొలి పట్టణము తిరుత్తణి. చెన్నపట్టణమునకు సుమారు 80 కిలోమీటర్లు. ఇచ్చట కొండలు ప్రారంభమగును.

ఇవి హిమాలయములవలె మంచుదాల్చిన శిఖరములు గావు. తూర్పుకనుమలు దక్షిణమునకు సాగి సాగి సన్నగిలిన తావున మిగిలిన రాతిగుట్టలు. సుబ్రహ్మణ్యస్వామి వెలసిన తిరుత్తణి కొండ చిన్నది. ఏడాది దినములకు సరిగ 365 మెట్లతో భక్తుల నెక్కించుకొనును. ఆడికృత్తికనాడు కావడులు మోసికొని వచ్చువారిలో తెలుగుజిల్లాలవారు విశేషముగ నుందురు. ఉత్తరమున నగరి కొండ మాత్రము సముద్రమట్టమునకు సుమారు 850 మీటర్ల ఎత్తున నిలిచి, చివర నిటారుగ తెగిన బండతో మనుష్యుని ముక్కువలె కనబడును. పూర్వము బంగాళాఖాతమున వచ్చు ఓడల సరంగులు ఆ కొండను గురుతుగ చూచుకొనుచు తీరమున కెంత దూరమున నున్నామో తెలిసికొనెడివారు. ఆంగ్లనావికులు దానికి "నగరి ముక్కు" అనియే పేరిడిరి.

కొండల నడుమ లోయలు, లోయల నడుమ వాగులు. వీనిలో ముఖ్యమైనది కుశస్థలి. తమిళులు దీనిని కొసస్తలైయారు అందురు. చిత్తూరు సీమ కొండలనుండి నీరు గ్రహించి పళ్లిపట్టు ప్రాంతము గుండ వచ్చి, తిరువళ్లూరునకు సమీపమున పూండి జలాశయమును చేరును. నగరి నది దీనికి ఉపనది. 1944లో పూర్తియైన ఈ పూండి జలాశయమునకు, నిర్మాణమునకు పూనుకొన్న నాటి చెన్నపురి మేయరు సత్యమూర్తిగారి పేరు పెట్టబడినది. పూండినుండి పుళల్, చెంబరంబాక్కము చెరువులకు కాలువలు గలవు. కావున తిరుత్తణి కొండలయందు కురిసిన వాన మన మైలాపూరు, త్యాగరాయనగరముల కొళాయిలవరకు వచ్చుచున్నది. 1983 ఏప్రిలు 18వ తేదీన ఉభయరాష్ట్రముల ముఖ్యమంత్రులు రామారావు, రామచంద్రన్ గారలు సంతకములు చేసిన తెలుగుగంగ ఒడంబడికననుసరించి, కండలేరునుండి కృష్ణానీరు ఊత్తుక్కోట కడ పొలిమేర దాటి వచ్చి చేరుటయు ఈ పూండియందే.

పళ్లిపట్టు తాలూకా ఈ సీమకు వాయవ్యమూల. ఉత్తరమునను, పడమరను ఆంధ్రదేశమే. ఒక పొలము ఈ రాష్ట్రమునను, దాని గట్టు ఆ రాష్ట్రమునను ఉన్న చోట్లు గలవు. పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పము మొదలగు ఊళ్లు నేతకు పేరుపొందినవి. పొలిమేర కావలనున్న నగరి, పుత్తూరులును నేతయూళ్లే. పెండ్లిసంబంధములును, సంతబేరములును గీతతో నిమిత్తము లేక సాగుచునే యున్నవి. రామకృష్ణరాజుపేటయను ఊరు నేడు తమిళనాట ఒక తాలూకాకు కేంద్రము. ఆ పేరు పలికిన చాలును, ఈ సీమ పూర్వచరిత్ర కొంత వినబడును.

పాళెగాండ్రనుండి జిల్లా కచేరివరకు

ఆ పూర్వచరిత్ర కార్వేటినగర సంస్థానముతో ముడివడియున్నది. బొమ్మరాజుపాళెమనియు వాడుకయైన ఆ సంస్థానము వెంకటగిరి, కాళహస్తి సంస్థానములతో బాటు పడమటి పాళెగాండ్ర సంస్థానములలో నొకటి. 1802 ప్రాంతమున కంపెనీవారు వీరికి శాశ్వతపు పేష్కషు నిర్ణయించి జమీందారులుగ చేసిరి. తిరుత్తణి ఆ జమీనులో నొక భాగము. ఆస్థానమున తెలుగు వర్ధిల్లెను. పదకర్త సారంగపాణి ఆ సంస్థానమువాడే. గ్రామమున కరణము లెక్కవ్రాయును, మునసబు శిస్తు వసూలుచేయును, పైన జమీందారు కచేరి, దానిపైన కలెక్టరు. లెక్క తెలుగున, తగవు ఇరుభాషలయందు, దండము దేవునికి. ఈ రీతిగ తరములు గడచెను.

అప్పటి ఉత్తర ఆర్కాడు జిల్లాకు ముఖ్యపట్టణము చిత్తూరు. పాలారునకు దక్షిణమున తమిళమును, ఉత్తరపు కొండలలో తెలుగును మాట్లాడు జనులను ఒక్క కలెక్టరే పాలించుట కష్టమయ్యెను. 1911 ఏప్రిలు 1వ తేదీన ఆ జిల్లాను విడదీసి, కడపజిల్లానుండి మదనపల్లె, వాయల్పాడులను కలిపి, చిత్తూరు జిల్లాను క్రొత్తగ ఏర్పరచిరి. ఉత్తర ఆర్కాడు కచేరి వేలూరునకు పోయెను. తిరుత్తణి చిత్తూరు జిల్లాలో చేరెను. 1888 సెప్టెంబరు 5వ తేదీన తిరుత్తణియందు తెలుగు కుటుంబమున జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణగారు పుట్టినపు డది ఉత్తర ఆర్కాడు. వారు 1952లో ఉపరాష్ట్రపతి పదవి నధిష్ఠించునప్పటి కది చిత్తూరు. 1962లో రాష్ట్రపతియగునప్పటి కది చెంగల్పట్టు. దేశమున కధ్యక్షుడైనవాని జన్మస్థలమే ఇన్ని చేతులు మారినది.

1948లో జమీను ఎస్టేటుల రద్దుచట్టము వచ్చి, జమీనుగ్రామములు రయత్వారీ పద్ధతిలోనికి మారుటకు దారియేర్పడెను. ఆ మార్పు కుదుటపడకమునుపే రాష్ట్రవిభజన వచ్చిపడెను.

ఆరేండ్లు, మూడు నగరములు

పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15వ తేదీన ఈ పట్టణముననే ప్రాణత్యాగము చేసిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినది. చిత్తూరు జిల్లా యావత్తును, తిరుత్తణితో సహా, ఆంధ్రమున చేరినది. తమిళులలో దీనిపై ఆందోళనము రేగెను. మ. పొ. శివజ్ఞానముగారు దాని కగ్రనాయకులు. వారి వాదమున కొంత ఆవేశము, కొంత సత్యము కలవు. జిల్లాను ముక్కచేయక మొత్తముగ నిచ్చుటవలన, తమిళులు అధికముగ నున్న గ్రామములనేకము ఆంధ్రమున జిక్కెననుట సత్యము. ఆ సమయమున మనవారిలో చెన్నపట్టణము పోయెనను దుఃఖము ప్రబలముగ నుండెను గావున, తిరుత్తణిని గురించి నిదానముగ మాటలాడువారు తక్కువయైరి.

న్యాయవాదినగుటచే నాకు తోచునది వేరొక సంగతి. 1954 జూలై 5వ తేదీన గుంటూరున ఆంధ్ర హైకోర్టు ఏర్పడెను. అంతవరకు తిరుత్తణి రైతు తన అప్పీలునకు పొద్దున రైలెక్కి చెన్నపట్టణమునకు వచ్చి సాయంకాలమునకు ఇల్లు చేరగలిగెడివాడు. ఆ దినమునుండి అతడు గుంటూరు పోవలసివచ్చెను. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ మేర్పడగా హైకోర్టు హైదరాబాదునకు పోయెను. రైతు దాని వెంటబోయెను. 1960 ఏప్రిలులో మరల చెన్నపట్టణపు హైకోర్టే అతనికి దిక్కయ్యెను. ఆరేండ్లలో మూడు నగరములు. దావా ఒక్కటే, వకీళ్లు మాత్రము మారిరి. పొలిమేర జరుపుటయనగా పటముపై గీత జరుపుటయని తలంచువారు ఈ రైతు రైలుఖర్చులను లెక్కించిన మంచిది.

పటాస్కరుగారి సూత్రము

ఉభయరాష్ట్రముల ప్రభుత్వములును సమ్మతించిన మధ్యవర్తి హరి వినాయక పటాస్కరుగారు మహారాష్ట్రుడు, న్యాయశాస్త్రవేత్త, కేంద్రమున న్యాయశాఖను నిర్వహించినవారు. ఆయన అనుసరించిన సూత్రము మూడు మాటలలో చెప్పవచ్చును: గ్రామము ప్రమాణము, ఆ గ్రామమున అధికసంఖ్యాకుల భాష, గ్రామమునకు గ్రామము తగిలియుండుట. 1951 జనాభాలెక్కలు ఆధారము. తాలూకాలనుగాని, జిల్లాలనుగాని మొత్తముగ తూచక, ఊరూరును వేర్వేరుగ తూచుట ఆ సూత్రమునందలి విశేషము. ఆ తీర్పునే పార్లమెంటు 1959లో 56వ చట్టముగ ఆమోదించెను. 1960 ఏప్రిలు 1వ తేదీనుండి అది అమలునకు వచ్చెను. తిరుత్తణి తాలూకాలో అధికభాగమును, ప్రక్కనున్న కొన్ని గ్రామములును కలిసి 319 గ్రామములు మద్రాసు రాష్ట్రమునకు పోయినవి. తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాలనుండి ముఖ్యముగను, సేలము జిల్లానుండి కొలదిగను, 151 గ్రామములు ఆంధ్రమునకు వచ్చినవి. సత్యవేడు తాలూకా ఇట్లేర్పడినదే.

వచ్చినదియు తక్కువది గాదు. ఊత్తుక్కోటకు ఆనుకొని యున్న సురుటుపల్లి శయనశివుడు, కృష్ణరాయలు తన తల్లి నాగలాంబ పేర వెలయించిన నాగలాపురపు వేదనారాయణస్వామి మనవైపున నున్నారు. 2008 మొదలు సత్యవేడు ప్రాంతమున శ్రీసిటీయను పరిశ్రమల నగరము వెలసినది. 1960లో ఎండుమెట్ట యనుకొన్న నేలనే నేడు దేశదేశముల కర్మాగారములు వెదకికొని వచ్చుచున్నవి. పొలిమేర బేరమున లాభనష్టములు వెంటనే తేలవు.

ఈ సూత్రమునకు కీర్తియు కలదు. కన్నడ మహారాష్ట్రముల సరిహద్దు వ్యాజ్యమున మహారాష్ట్రులు నేటికిని పటాస్కరుసూత్రమునే తమకు వర్తింపజేయుమని కోరుచున్నారు. 1966లో నియమింపబడిన మహాజన సంఘమువారి నివేదిక వారికి నచ్చకుండుటకు ముఖ్యకారణములలో ఇదియొకటి. కావున తిరుత్తణి కేసు భారతదేశపు సరిహద్దుచట్టమున ఒక నజీరు వంటిది.

ఐనను నజీరు నందు లోపము గలదు. గ్రామమున నూటికి ఏబదియొక్కరు ఒక భాషవారైన ఆ గ్రామ మా భాషదయ్యెను. తక్కిన నలువదితొమ్మిదిమంది ఏమైరను ప్రశ్నకు సూత్రమున జవాబు లేదు. అట్లే, కొండను, నదిని పరిగణించు బాధ్యత సూత్రమునకు రెండవపక్షమయ్యెను. కుశస్థలి పుట్టుచోటొక రాష్ట్రమునను, పారుచోటు మరియొక రాష్ట్రమునను పడెను. భారీవర్షములు కురిసినపుడు ఎగువ ఆంధ్రమందలి కృష్ణాపురము జలాశయమునుండి విడిచిన నీరు దిగువ పళ్లిపట్టు గ్రామముల దారులను ముంచుట ఇటీవల కనుచున్నాము. 2022 ఆగస్టులో ఆ నదిపై ఎగువ రెండు జలాశయములు కట్టవలెనను ఆంధ్రుల ఆలోచనకు తమిళనాడు ముఖ్యమంత్రి ఆక్షేపణ తెలుపుచు లేఖ వ్రాసిరి. వరదవచ్చిన దిగువవారు తిట్టుదురు, కరవువచ్చిన ఎగువవారు తిట్టుదురు. నదికి ఏ భాషయు లేదు గావున అది ఎవరి జనాభాలెక్కకును ఎక్కలేదు.

ఆల్ప్సు పర్వతములందలి ఉదాహరణము

దీనికి విపరీతమైన ఉదాహరణ మొకటి ఐరోపాయందు గలదు. ఆల్ప్సు పర్వతములలో ఆస్ట్రియా, ఇటలీల నడుమ దక్షిణ టిరోలను జిల్లా యున్నది. 1919లో సంజెర్మా సంధివలన బ్రెన్నరు కనుమ గుండ పొలిమేర గీచిరి. కొండశిఖరమే సహజమైన సరిహద్దని వారి వాదము. శిఖరమునకు దక్షిణమున ఆ జిల్లా లోయలలో అధికసంఖ్యాకులు జర్మను మాటలాడు జనులే. వారిని అడిగినవారు లేరు. ముస్సోలినీ ప్రభుత్వము వారి జర్మను బడులను మూయించెను, ఊళ్ల పేళ్లనుగూడ ఇటలీభాషలోనికి మార్చెను.

తిరుత్తణియందు భాషను చూచి కొండను మరచిరి. టిరోలునందు కొండను చూచి భాషను మరచిరి. రెండుచోట్లను గీతకు తప్పుప్రక్కన కొందరు మిగిలిరి. అనగా ఏ సూత్రమున గీచినను మిగులువా రుందురన్నమాట. ఐతే టిరోలువారి తరువాతి చరిత్ర మనకు పాఠము. 1946లో ఆస్ట్రియా ఇటలీల మంత్రులు పారిసున ఒడంబడిక చేసికొనిరి. అది చాలక, తగవు బాంబులవరకు పోయిన పిమ్మట, 1972లో ఆ జిల్లాకు క్రొత్త స్వపరిపాలనచట్టము వచ్చెను. పొలిమేరను అంగుళమైనను కదల్పలేదు. బడి ఎవరి భాషయందు వారికి, కచేరియందు రెండు భాషలు, ఉద్యోగములు జనసంఖ్యనుబట్టి వంతులవారిగా, ఊరి పేరు పలకపై రెండు లిపులలో. 1992లో ఆస్ట్రియావారు ఐక్యరాజ్యసమితి యెదుట తగవు తీరినదని చెప్పిరి. అచట గీత తీర్పనిదానిని పరిపాలనము తీర్చినది.

మనచట్టమున నున్నదేమి

మన రాజ్యాంగమున ఇట్టి పరిపాలనమునకు కావలసిన పనిముట్లు లేకపోలేదు. 29వ, 30వ అనుచ్ఛేదములు అల్పసంఖ్యాకుల భాషాసంస్కృతులను, విద్యాలయములను రక్షించును. 1956లో ఏడవ సవరణచే చేరిన 350-ఏ అనుచ్ఛేదము ప్రాథమికవిద్య మాతృభాషయందు లభించుటకు తగిన సౌకర్యము కల్పింపుమని రాష్ట్రములకు విధించుచున్నది. 350-బీ ననుసరించి భాషాల్పసంఖ్యాకుల కమిషనరు ఒకరు నియమింపబడి రాష్ట్రపతికి నివేదికలు సమర్పించును. 1949లో జరిగిన విద్యామంత్రుల సభ, పాఠశాలయందు నలువదిమందిగాని, తరగతియందు పదిమందిగాని బాలురున్నయెడల వారి మాతృభాషయందు బోధింప ఉపాధ్యాయుని ఇయ్యవలెనని తీర్మానించెను. 1956నాటి కేంద్రప్రభుత్వపు రక్షణపత్రము ఒక తాలూకాయందు నూటికి పదునైదు, ఇరువదిమంది అల్పసంఖ్యాకు లున్నచోట ముఖ్యమైన ప్రకటనలను వారి భాషలోకూడ వెలువరింపుమని చెప్పుచున్నది.

ఇవన్నియు కాగితముపై నున్నవి. వీనిలో పెక్కు కోరినవారికే దక్కును. పదిమంది బాలుర తల్లిదండ్రులు అర్జీ వ్రాయకున్న ఆ తరగతి తెరువబడదు. అర్జీ వ్రాయుట కచ్చట అక్షరజ్ఞానము గల తెలుగువారు లేకుండ పోవుచున్నారు. తమిళనాడు ప్రభుత్వము 2006లో చేసిన తమిళవిద్యాచట్టముచే తమిళము ఒకటవ తరగతినుండి అందరికిని నిర్బంధమై, ఏటేట ఒక్కొక్క తరగతిగ పెరుగుచు, 2015-16 నాటికి పదవతరగతిని చేరెను. తెలుగు మొదలగు భాషల బాలురకు న్యాయస్థానములు పలుమారులు మినహాయింపు లిచ్చినవి. తమిళదేశమున నివసించువాడు తమిళము నేర్వవలెననుటను నేను కాదనను. నేర్వక ఎట్లు బ్రతుకును? కాని తమిళము నేర్చుటకు తెలుగును మరవనక్కరలేదు. రెండును నేర్చిన బాలుడు పొలిమేరకు ఇరువైపుల బ్రతుకగలడు. పళ్లిపట్టు సంతయందలి కూరగాయలమ్మువా రందరును ఈ సత్యము నెరుగుదురు.

కరణములు పోవుటయు ఈ నష్టమునకు కొంత కారణము. 1980లో తమిళనాటను, 1984లో ఆంధ్రమునను గ్రామోద్యోగములు రద్దైనవి. అనువంశికపు కరణములవలన రైతులు పడిన కష్టము లనేకములు, వారు పోవుట మంచిదే. కాని ఊరి పాత తెలుగులెక్కలను చదివి చెప్పువాడు కరణమొక్కడే గావున, అతనితోబాటు ఆ చదువును పోయెను. క్రొత్తగ వచ్చిన గ్రామపరిపాలనాధికారికి ఆ గొలుసుకట్టు వ్రాత గజిబిజి గీతలే.

రాజధాని తెలుగువారి కర్తవ్యము

ఇప్పుడు మనమేమి చేయవలెను? తిరుత్తణిని తిరిగి తెండని కేకలువేయుట కాలము మించినపని. అది ఎవరికిని మేలుచేయదు. 1960నాటి తీర్పు ఉభయులును ఒప్పుకొన్నది. అది తిరిగి విప్పినయెడల సత్యవేడునుకూడ విప్పవలసియుండును. చేయదగిన పనులు చిన్నవి, మన చేతిలోనివి.

మొదటిది, దస్తావేజుల పని. ఈ పట్టణమున తెలుగు చదువగలిగిన న్యాయవాదులును, పింఛనుదార్లైన ఉపాధ్యాయులును, రిజిస్ట్రేషనుశాఖలో పనిచేసి విరమించినవారును అనేకులు గలరు. నెలకొక ఆదివారము తిరుత్తణిలోనో, పళ్లిపట్టులోనో కూర్చుండి, రైతులు తెచ్చిన పాత తెలుగుకాగితములను తమిళములోనికి అనువదించి ఇచ్చినయెడల ఎన్ని వ్యాజ్యములు మొలకయందే ఆగునో చెప్పనలవికాదు. హద్దు చదువరానిచోట మోసగానికి తావు దొరకును.

రెండవది, బడి పని. పదిమంది, నలువదిమంది యను లెక్క ఆ తల్లిదండ్రులకు తెలియదు. తెలిసినవారము మనము. అర్జీ వ్రాసిపెట్టుటకు పెద్ద సభలు చేయనక్కరలేదు.

మూడవది, జనాభాలెక్క. ఎన్యూమరేటరు వచ్చి మాతృభాష యేదని అడిగినపుడు, పొలిమేర తెలుగువారిలో ఎందరో సంకోచముచేతనో, అజాగ్రత్తచేతనో తమిళమని వ్రాయించుచున్నారు. 1951నాటి ఆ ఒక్క గడియే 319 గ్రామముల గతిని నిర్ణయించినది. నేడు ఆ గడి పొలిమేరను మార్పదుగాని, నూటికి పదునైదను లెక్క దానినుండియే తేలును. నిజము చెప్పించుట దేశభక్తికి విరుద్ధము గాదు.

నాలుగవది, నీటి పని. కుశస్థలికి ఎగువదిగువల ఇంజనీర్లు ఏటేట వానలకు ముందే కలసికొని, ఏ జలాశయమునుండి ఎపుడు ఎంత నీరు విడుతురో నిర్ణయించుకొనుటకు స్థిరమైన ఏర్పాటు కావలెను. 1956నాటి నదీబోర్డుల చట్టము క్రింద ఒక్క బోర్డైనను ఏర్పడలేదు. పెద్దనదుల వ్యాజ్యములయందు తలమునుకలైన ప్రభుత్వములు ఈ చిన్ననదిని తలంపవు. దీని నీరు త్రాగు పట్టణవాసులైన తెలుగుఇంజనీర్లు తలంపవచ్చును.

తుదిమాట ఒకటి. ఈ న్యాయమే అవతలివైపునను వర్తింపవలెను. సత్యవేడునందును, నగరియందును, చిత్తూరునందును తమిళము మాటలాడు కుటుంబములు గలవు. వారి బాలురకు తమిళపుబడి, వారి ఊళ్ల పలకలపై తమిళలిపి ఉండవలెనని ఆంధ్రప్రభుత్వము నడుగుట మన విధి. మనవారికై ఇచ్చట కోరుచు, అచ్చట పొరుగువారికి నిరాకరించువాని కోరికను ఏ న్యాయాధిపతియు వినడు.

ఆ కక్షిదారునకు దస్తావేజు యావత్తు చదివి వినిపించితిని. షెడ్యూలున హద్దులు ఇట్లున్నవి: తూర్పు కొండవారగట్టు, దక్షిణము వాగు, పడమర బాటదారి, ఉత్తరము పినతండ్రిగారి మెట్ట. వినుచునే ఆయన "అవును సామీ, అన్నీ అట్లే ఉండాయి" అనెను. పినతండ్రిగారి మనుమలు ఆ మెట్టను కొంత ఆక్రమించుకొన్నారనియే ఆయన ఫిర్యాదు. కొండవార గట్టునుండి ఎన్ని గజములో దస్తావేజులోనే యున్నది. ఇన్నేండ్లు ఆ కాగితము ఇంటిలో నుండియు చదువువారు లేక ఆ సంగతి తెలియలేదు. తమిళములోనికి అనువదించి ఇచ్చితిని. ఉభయులును దగ్గరివారు గావున, దావా వేయక ఊరిపెద్దలయెదుట దానిని చదివించి తీర్చుకొనుడని సలహా చెప్పి పంపితిని. పోవునపు డాయన దస్తావేజును మరల గుడ్డలో చుట్టుచు, తన మనుమరాలికి ఈ అక్షరములు నేర్పువా రెవరైన తిరుత్తణియందు గలరాయని అడిగెను. ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయినది. పాఠకులలో ఎవరియొద్దనైన నుండవచ్చునను ఆశతో ఈ వ్యాసము వ్రాసితిని.